రెండంకెల మధ్య చుక్క

ఆ నీటి పరీక్షా కేంద్రంలో మనుషులు ఐదుగురు, గదులు మూడు, లేజర్ ప్రింటరు ఒక్కటి. ఐదుగురిలో ఎవరు ఒకరోజు రాకపోయినా పని ఎలాగోలా నడిచిపోయేది. ప్రింటరు ఒక గంట మొరాయించిందంటే మాత్రం ఇల్లు అంటుకున్నంత హడావిడి. అప్పుడు మూడు గదుల్లోంచీ ఒకటే కేక వినిపించేది: "ప్రింటరమ్మా!"

ప్రింటరమ్మ అసలు ఉద్యోగం వేరు. జనం తెచ్చిన నీళ్ల సీసాలు తీసుకుని, వాటికి నంబర్లు వేసి, రిజిస్టరులో ఎక్కించి ల్యాబులోకి పంపడం ఆవిడ పని. కానీ రెండేళ్ల కిందట ఆ ప్రింటరు అట్టపెట్టెలో వచ్చి మూడు రోజులు గోడవారన పడి ఉంటే, నాలుగో రోజున ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. ఏ వస్తువైనా లోపల ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా ఆవిడకు కుదురుండదు. ఇంట్లో ఇస్త్రీపెట్టె మొదలుకుని అత్తగారి వినికిడి మిషను దాకా ఆవిడ మూత విప్పి చూడని వస్తువు లేదు. విప్పినవాటిలో ముప్పాతిక వంతు మళ్లీ పనిచేశాయి కూడా.

పెట్టె విప్పింది. లోపలి నారింజరంగు టేపులు ఒక్కొక్కటే పీకింది. నూట పద్నాలుగు పేజీల పుస్తకాన్ని మధ్యాహ్నం భోజనం పక్కన పెట్టుకుని చదివింది. లోపల ఒక నున్నటి గొట్టం ఉంటుందట, దాన్ని డ్రమ్ము అంటారట. దాని మీద వెలుగు అక్షరాలు గీస్తే, నల్లపొడి ఆ గీసినచోట మాత్రమే అంటుకుంటుందట. గొట్టం దొర్లుతూ ఆ పొడిని కాగితం మీదికి దించితే, వేడి దాన్ని కరిగించి అంటిస్తుందట. ఇదంతా చదివి ఆవిడ "ఓసి దీని తెలివి!" అని పైకే అనేసింది. మొదటి కాగితం బయటికొచ్చినప్పుడు దాని వెచ్చదనం చెంపకు ఆనించుకుని చూసింది.

ఆ తర్వాత అసలు తంటా మొదలైంది. ముందు అందరూ ప్రింటరు తమ గదిలోనే ఉండాలన్నారు. దాని రొద విన్నాక అందరూ వద్దన్నారు. చివరికి మూడు గదుల మధ్య నడవలో ఒక బల్ల మీద దానికి చోటు దొరికింది. మొదట్లో దాన్ని ప్రింటరమ్మ కంప్యూటరుకు తగిలించి అక్కణ్ణుంచి మిగతా రెండు గదులకీ పంచారు. ఆవిడ కంప్యూటరు ఆపేసి ఇంటికెళ్లిందంటే ఇక ఎవరికీ కాగితం రాదు. ఒకసారి ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని ఉండగా డైరెక్టరుగారు ఫోను చేసి "మీ కంప్యూటరు పాస్‌వర్డు ఏంటి?" అని అడిగారు. ఆవిడ చెప్పింది ఆయనకు అర్థమైతే కదా! ఆ మర్నాడే ఆవిడ మళ్లీ పుస్తకం తిరగేసి, ప్రింటరును ఎవరి కంప్యూటరుతోనూ పని లేకుండా నేరుగా ఆఫీసు నెట్‌వర్కుకు కలిపేసింది. ప్రింటరమ్మ అన్న పేరు ఆ రోజుల్లోనే స్థిరపడింది.

కలిపాక కాగితాలు కలగాపులగం అయ్యాయి. డైరెక్టరుగారి సెలవు చీటీ ఎవరిదో నీటి రిపోర్టుతోపాటు కవర్లోకి వెళ్లిపోయింది. "ఎవరి కాగితాలు వాళ్లు వెంటనే తీసుకోగలరు" అని ఆవిడ గోడకు రాసి పెడితే, కింద ఎవరో "తమరు కూడా" అని పెన్సిలుతో రాశారు. ఆ రాసిందెవరో ఆవిడకు తెలుసు. ల్యాబులో పెన్సిలు వాడేది మాస్టారొక్కరే.

మాస్టారు ఒకప్పుడు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి, ఆ తర్వాత ఈ ల్యాబులోకి వచ్చినవారు. ప్రతి రిపోర్టు కిందా ఆయన సంతకం ఉండాలి. అది లేని కాగితానికి విలువ లేదు. ప్రింటరమ్మ అడిగే ప్రశ్నలకు విసుక్కోని మనిషి ఆ ఆఫీసులో ఆయనొక్కరే. "ఇది ఎలా మాస్టారూ?" అని ఆవిడ అడిగితే "పద, చూద్దాం" అనేవారు. చెప్పేయడం తెలియక కాదు, చూడటంలో ఆయనకు సరదా. ఆయన చూపు ఈ మధ్య కాస్త మందగించింది. అందుకని రిపోర్టులో అంకెలు పెద్దగా, ఎడమెడంగా, టైపు మిషను మీద కొట్టినట్టు పడేలా ప్రింటరమ్మే కుదిర్చి పెట్టింది. అంకెలన్నీ కుడివైపు ఒకే గీత దగ్గర ఆగేవి.

ఆ ఆఫీసు కొంప ముంచింది సరిగ్గా ఆ ముచ్చటైన వరసే. కానీ అది తెలియడానికి ఇంకా టైముంది.

ఒక గురువారం పొద్దున్నే ఒకావిడ ఫోను చేసింది. ఆవిడ ఉద్యోగాలకు వెళ్లే తల్లుల దగ్గర పసిపిల్లల్ని తీసుకుని పగలంతా చూసుకునే బడి నడుపుతుంది. "మీరిచ్చిన రిపోర్టు తప్పు. నేనొస్తున్నాను" అని మాత్రం చెప్పి పెట్టేసింది. పదకొండింటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. డైరెక్టరుగారి బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచింది.

"ఇది మీరిచ్చింది. ఇది డాక్టరుగారు చెబితే ఇంకో చోట చేయించింది. రెండూ మా బోరు నీళ్లే."

మొదటిదాంట్లో నైట్రేట్ అన్నచోట 9.6 అని ఉంది. రెండోదాంట్లో 95 ఉంది. యాభై దాటిన నీళ్లు పసిపిల్లలకు పట్టకూడదని ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఓ బుజ్జిదానికి పెదాలు నీలంగా మారాయి. ఎత్తుకుని పరిగెత్తాం. ఇప్పుడు బాగానే ఉంది, దేవుడి దయ. డాక్టరుగారు మొట్టమొదట అడిగిందే, ఏ నీళ్లతో పాలు కలుపుతున్నారని. ఇరవై రోజులు ఆ నీళ్లతోనే కలిపానండీ. మీ కాగితం గోడకి అంటించుకుని మరీ కలిపాను."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే అక్కడున్నవాళ్లకు కాస్త తేలిగ్గా ఉండేది.

డైరెక్టరుగారు ఫైలు తెప్పించారు. ప్రతి రిపోర్టూ రెండు ప్రతులు తీసి, రెండింటి మీదా సంతకం పెట్టించి, ఒకటి ఇచ్చి ఒకటి దాచుకోవడం అక్కడి పద్ధతి. దాచిన ప్రతిలో 96 అని ఉంది. అదే తేదీ, అదే నంబరు, అదే సంతకం. చుక్క మాత్రం లేదు.

ఆయన కంప్యూటరులో చూశారు. అక్కడా 96 ఉంది. అయితే ఆ ఫైలు చివరిసారి సేవ్ అయింది ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకని కూడా ఉంది.

"పొద్దున ఫోనొచ్చాక మీరు ఇది తెరిచారా?"

"తెరిచాను. ఎంతుందో చూద్దామని" అన్నారు మాస్టారు. "మూసేటప్పుడు అలవాటు కొద్దీ సేవ్ నొక్కాను."

"చూశారో, మార్చారో?"

డైరెక్టరుగారి లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. మాస్టారు మొదట పొరపాటున 9.6 అని కొట్టారు. ఫోను రాగానే ఫైలు దిద్దుకుని, కొత్త ప్రతి తీసి, సంతకం పెట్టి, పాతదాని చోట దీన్ని పెట్టారు. గంటన్నర టైముంది కదా!

"నేను మార్చలేదు" అన్నారు మాస్టారు.

"మరి రెండు కాగితాలకీ తేడా ఎలా వచ్చింది?"

మాస్టారు కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, పరీక్షలో కష్టమైన ప్రశ్న ముందు కూర్చున్న విద్యార్థిలాగా. "తెలియదు" అన్నారు.

తెలియనిదాన్ని తెలుసని ఆయన జన్మలో అనలేదు. ఆ మంచి గుణమే ఆ పూట ఆయన మెడకు చుట్టుకుంది. బుధవారం పై ఆఫీసు వాళ్లు విచారణకు వస్తారని, అప్పటిదాకా ల్యాబులోకి రావద్దని, ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని డైరెక్టరుగారు చెప్పారు. ప్రతి మార్చారని తేలితే ఆయన ఇక ఎక్కడా, ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టలేరు. మాస్టారు తన కళ్లజోడు, పెన్సిలు జేబులో పెట్టుకుని నడవలోంచి వెళ్లిపోతుంటే ప్రింటరమ్మ ఆయన వెనకే మెట్ల దాకా వెళ్లింది. ఆ మనిషి కాగితం మార్చడం ఏమిటి! బీకరులో చుక్క నీరు ఎక్కువైతే పరీక్ష మొత్తం పారబోసి మొదటికొచ్చే మనిషి.

బడి ఆవిడ మెట్ల దగ్గర ఆగి ప్రింటరమ్మ వైపు తిరిగింది. "నాకు సారీలు వద్దండీ. ఇది ఎలా జరిగిందో చెప్పండి చాలు. మళ్లీ ఏ కాగితం నమ్మాలో నాకు తెలియాలి."

ఆవిడ కాగితం ఇవ్వనంది. ఫోనులో ఫొటో తీసుకోనిచ్చింది.

ఆ శుక్రవారం, శనివారం ప్రింటరమ్మ ఏ పని చేసినా మనసు దాని మీద లేదు. రెండు ప్రతులు. ఒకే ఫైలు. ఒకే నిమిషంలో ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చే కాగితాలు. ఒకదాంట్లో చుక్క ఉండి రెండోదాంట్లో లేకపోవడం ఎలా? మాస్టారు మార్చలేదు. ఆ మాట ఆవిడకు ఎంత నిశ్చయంగా తెలుసంటే, ఇక మిగిలిందేమిటో వెతకడమే పని అనుకుంది. మిగిలిందేమిటో మాత్రం అంతు చిక్కలేదు.

ఆదివారం ఆవిడ భర్త తమ ఇంటి ముందుగదికి రంగు వేయడానికి పూనుకున్నాడు. వృత్తిరీత్యా రంగులేసే మనిషి. అందరి గోడలూ మెరిపించాడుగానీ, సొంత ఇంటి గోడకు చెయ్యి తగిలి ఏడేళ్లయింది. అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని పర్యవేక్షణ చేస్తోంది.

"అదేంట్రా, గోడకి దోమలు వాలినట్టు ఆ మచ్చలేంటి? ఇంటి పనంటే నీకు ఎంత లోకువ!"

"రోలరుకి ఇసుక రేణువేదో అంటుకుందమ్మా. తుడుస్తాను ఉండు."

"ఒక రేణువు అంటుకుంటే అన్ని మచ్చలేంటి?" అంది ప్రింటరమ్మ. ఆవిడకు ఊరికే అడగడం అలవాటు.

"ఒక్కటే రేణువు. రోలరు చుట్టూ తిరుగుతుంది కదా! ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా ఒక మచ్చ కొడుతుంది." అతను చేత్తో జానెడు కొలిచి చూపించాడు. "ఇక్కడుందా? మళ్లీ ఇక్కడుంటుంది. ఇదిగో, మళ్లీ ఇక్కడ. రోలరు మారిస్తేగానీ ఈ దూరం మారదు."

ప్రింటరమ్మ ఆ మచ్చల వరస వైపు చూస్తూ ఉండిపోయింది. ఒకే గీత మీద, ఒకే ఎడం.

"ఏవండీ, గోడ పైనుంచి మొదలుపెడితే మొదటి మచ్చ ఎక్కడ పడుతుంది?"

"అదెలా చెప్తాం? రోలరు ఎటు తిరిగి ఉంటే అటు. ఒక్కో పట్టీకి ఒక్కో చోట."

ఆవిడ లోపలికి పరిగెత్తి ఫోను తెచ్చుకుంది. ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. 9కీ 6కీ మధ్య ఉన్న చుక్క. దాన్నుంచి తిన్నగా కిందికి జరిపింది. అంకెల పట్టిక కింద తెల్లటి ఖాళీలో ఇంకో చుక్క. తిన్నగా పైకి జరిపింది. ఆఫీసు చిరునామా పక్కన మరో చుక్క. ఎవరైనా చూసినా దుమ్ము అనుకుని ఊదేసేంత చుక్కలు. మూడూ ఒకే నిట్టనిలువు గీత మీద ఉన్నాయి.

"ఓసి దీని దుంపతెగ!" అంది ఆవిడ.

"ఎవర్నే తిడుతున్నావు?" అంది అత్తగారు, వినికిడి మిషను సరిచేసుకుంటూ.

"మిమ్మల్ని కాదత్తయ్యా. ప్రింటర్ని."

సోమవారం ఆఫీసుకు వెళ్లేముందు ప్రింటరమ్మ ఆ పిల్లల బడికి వెళ్లింది. సంచిలో ప్లాస్టిక్ స్కేలు. లోపల తొమ్మిదిమంది పసివాళ్లు, రెండు ఉయ్యాలలు, కిటికీ కింద వరసగా కడిగి బోర్లించిన పాలసీసాలు. గోడ మీద కాగితం ఉన్నచోట ఇప్పుడు టేపు మరకలు నాలుగు మిగిలాయి. బడి ఆవిడ బీరువాలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి, ఆ పక్కనే నిలబడింది. ఒక కన్ను ప్రింటరమ్మ చేతుల మీద వేసే ఉంచింది.

పై చుక్కనుంచి మధ్య చుక్కకు తొమ్మిది సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. మధ్య చుక్కనుంచి కింది చుక్కకు తొమ్మిది సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు.

"ఏంటిది?" అంది ఆవిడ.

"ఇంకా పూర్తిగా చెప్పలేనండీ. తేలగానే చెప్తాను. మాస్టారు మాత్రం అబద్ధం చెప్పలేదు."

ఆఫీసుకు వెళ్లగానే దాచిన ప్రతి తీసింది. 96 అంకెల మధ్య చుక్క లేదు. కానీ వాటికి రెండు వేళ్ల దూరం కింద, అదే నిలువు గీత మీద, తెల్లటి చోట చుక్క ఉంది. దానికి తొమ్మిదీ నాలుగు దూరంలో మరొకటి ఉంది. ఫైల్లోంచి ఇంకో పది రిపోర్టులు లాగింది. ప్రతిదాంట్లోనూ అదే గీత, అదే ఎడం, మొదటి చుక్క మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కో ఎత్తులో. గొట్టం ఎటు తిరిగి ఉంటే అటు!

ప్రింటరు ముందుతలుపు తెరిచి, పొడిపెట్టె లాగి, దాని రేకును వెనక్కి జరిపి, డ్రమ్మును మెల్లగా తిప్పింది. నిగనిగలాడే ఆ గొట్టం మీద సూదితో పొడిచినంత గాటు. కొలిచి చూస్తే సరిగ్గా అంకెలు ఆగే గీతకు ఎదురుగా ఉంది. ప్రింటరమ్మకు ఎగిరి గంతేయాలనిపించింది. దొరికింది! ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందంటే, ఆ గాటు ఎలా పడిందో గుర్తొచ్చేదాకా.

సీసాలకు అంటించే నంబరు చీటీలు కూడా ఆ ప్రింటరు మీదే తీసేవాళ్లు. ఒక్కో షీటుకు ఇరవైనాలుగు చీటీలు. పది వాడితే పద్నాలుగు మిగిలేవి. అలాంటి షీటును మళ్లీ లోపలికి పంపకూడదని పుస్తకంలో ఉంది. ఆవిడ చదివింది కూడా. అయినా మిగిలినవి పారేయడానికి మనసొప్పక, అటు తిప్పి పెడితే ఏమవుతుందిలే అని తనే ఆ పద్ధతి పెట్టింది. పోయిన నెల ఒక చీటీ లోపలే ఊడి గొట్టానికి అతుక్కుపోయింది. మూడు గదుల్లోంచీ కేకలు. ఆవిడ కంగారులో ల్యాబులోంచి పట్టకారు తెచ్చి దాన్ని గీకి తీసింది. చీటీ వచ్చింది, కాగితాలు వచ్చాయి, అందరూ హమ్మయ్య అనుకున్నారు. మెచ్చుకున్నారు కూడా.

ఆవిడ ఆ బల్ల దగ్గరే నిలబడి కాసేపు నీళ్లు నమిలింది, ఎదురుగా ఎవరూ లేకపోయినా. గాటు ఉందని చెబితే చాలు. గాటు ఎలా పడిందని ఎవరు అడుగుతారు? యంత్రమన్నాక గీతలు పడవా? సగం నిజం చెబితే మాస్టారు బయటపడతారు, తనూ బయటపడుతుంది.

సగమే చెప్పింది. డైరెక్టరుగారు కాగితాలు, స్కేలు, డ్రమ్ము అన్నీ చూశారు. ఆయన మొహం విచ్చుకుంది. "అయితే తప్పు యంత్రానిదన్నమాట! ఇంకేం, డ్రమ్ము మార్పించేయండి. ఆ పిల్లల బడి ఆవిడకి కొత్త రిపోర్టు ఇచ్చేద్దాం. మాస్టార్ని రమ్మనండి, బుధవారం నేను మాట్లాడతాను."

మాస్టారు అరగంటలో వచ్చారు. కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని, స్కేలు పెట్టి తనే కొలిచారు. మళ్లీ కొలిచారు. పకపకా నవ్వారు. నాలుగు రోజులుగా నిద్ర లేక ఎర్రబడ్డ ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూడటానికి రెండు కళ్లూ చాలవు కదమ్మాయ్! డ్రమ్ము చుట్టుకొలత! ఎంత బాగా పట్టుకున్నావు!"

ఆ మెచ్చుకోలు ప్రింటరమ్మకు ముల్లులా గుచ్చుకుంది. నవ్వు ఆగాక మాస్టారు కళ్లజోడు తుడుచుకుని ఒక్క ప్రశ్న వేశారు.

"ఈ గాటు ఎప్పుడు పడింది?"

"ఎప్పుడు పడితే ఏంటండీ?" అన్నారు డైరెక్టరుగారు.

"ఆ రోజునుంచి మనం ఇచ్చిన ప్రతి కాగితం మీదా చుక్కలుంటాయి. ఏ రిపోర్టులో ఏ అంకెల మధ్య పడ్డాయో మనకేం తెలుసు? మన దగ్గరున్న ప్రతి చూస్తే తెలియదు, దాంట్లో వేరే చోట పడుతుంది. జనం ఇళ్లల్లో ఉన్న కాగితాలే చూడాలి. అంటే, తేదీ కావాలి."

ఆ తేదీ లోకంలో ఒక్క మనిషికే తెలుసు.

"పోయిన నెల ఏడో తారీఖు మాస్టారూ" అంది ప్రింటరమ్మ. "మధ్యాహ్నం మూడింటికి. పట్టకారుతో గీకాను. నేనే." చీటీల సంగతి, పుస్తకంలో వద్దని ఉన్న సంగతి, తను చదివిన సంగతి మొత్తం చెప్పేసింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం ఆవిడ వల్ల కాలేదు.

డైరెక్టరుగారి మొహం ముడుచుకుపోయింది. "ఇందాక నాకెందుకు చెప్పలేదు? బుధవారం వాళ్లకి నేనేం చెప్పాలి? మీ ఉద్యోగం సంగతి కూడా వాళ్లే చూసుకుంటారు."

"భయమేసిందండీ" అంది ఆవిడ.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. కోపం ఉందో లేదో తెలియలేదు. "నువ్వు గీసింది గొట్టాన్ని తల్లీ. ఆ చుక్కతో ఉన్న కాగితం నా చేతికొస్తే చదవకుండా సంతకం పెట్టింది నేను. పట్టిక కొట్టింది నేనే కదా, మళ్లీ చూడటం దేనికి అనుకున్నాను." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రిజిస్టరు పట్టుకురా. ఫోన్లు మొదలెడదాం."

"ఊరంతా మనమే చాటింపు వేసుకుంటామా?" అన్నారు డైరెక్టరుగారు.

"వేసుకుందాం" అన్నారు మాస్టారు.

ఏడో తారీఖునుంచి నూట పన్నెండు రిపోర్టులు. సోమవారం మధ్యాహ్నం, మంగళవారం పగలంతా ప్రింటరమ్మ ఫోనులో అదే పాట పాడింది: కాగితం తీయండి, అంకెలు చదవండి, చుక్క ఉంటే చుక్క ఉందని చెప్పండి. కొందరు విసుక్కున్నారు. ఒక పెద్దాయన కాగితం దొరక్క, దాన్ని వెతికే వంకతో తన బోరు తవ్వించిన కథంతా చెప్పాడు. మాస్టారు పక్కన కూర్చుని దాచిన ప్రతుల్లో పెన్సిలుతో టిక్కులు పెట్టారు. ఇంకొక్కటి దొరికింది. బట్టలుతికే దుకాణం యజమాని తన నీటి కాఠిన్యం 31.0 అని చదివాడు. ఉండాల్సింది 310.

"అందుకా నురగ రావట్లేదు!" అని ఫోనులోనే అరిచాడాయన. "మూడు రకాల సబ్బులు మార్చానండీ. నాసిరకం సరుకు అంటగట్టావని మా బావమరిదితో మాటలు కూడా మానేశాను. ఇప్పుడు వాడికేం చెప్పాలి నేను?"

మాస్టారు, ప్రింటరమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ రెండు రోజుల్లో వాళ్లు నవ్వింది ఆ ఒక్కసారే.

బుధవారం పై ఆఫీసునుంచి ఇద్దరు వచ్చారు. మొత్తం విన్నారు, కాగితాలు కొలిపించుకున్నారు. మాస్టారు ప్రతి మార్చలేదని రాసుకున్నారు. సంతకం పెట్టే అధికారం తిరిగి ఇచ్చారు. చదవకుండా సంతకం పెట్టినందుకు హెచ్చరిక కూడా ఇచ్చారు. చీటీలు ఇక ఆ ప్రింటరు మీద తీయకూడదన్నారు. ప్రింటరమ్మ సంగతి చివరికి మిగిలింది. ఆవిడ తలుపు దగ్గర నిలబడి చేతులు కట్టుకుని నేల చూస్తోంది. డైరెక్టరుగారు గొంతు సవరించుకుని, ఆవిడను ప్రింటరునుంచే కాదు, సీసాలు తీసుకునే పనినుంచి కూడా తప్పిస్తే మంచిదన్నారు.

అప్పటికి బడి ఆవిడ కూడా అక్కడే ఉంది. మాస్టారే రమ్మన్నారు. జరిగిందంతా ఆయన నోటితోనే ఆవిడకు చెప్పారు, ఎవరి వాటా ఎంతో దాచకుండా. ఆవిడ బోరు మూయించేసి వేరే చోటునుంచి నీళ్లు తెప్పిస్తోంది. ఆ కొత్త నీళ్లు పొద్దున్నే సీసాలో తెచ్చింది. పరీక్ష అయింది. కొత్త డ్రమ్ము వేసిన ప్రింటరులోంచి రిపోర్టు వెచ్చగా వచ్చింది. మాస్టారు ప్రతి అంకెనూ పైకి చదివారు. నైట్రేట్ 14. దాని పక్కనే తన చేత్తో 'పద్నాలుగు' అని అక్షరాల్లో రాశారు. సంతకం పెట్టి ఆవిడకు అందించారు.

ఆవిడ తీసుకోలేదు.

"ఇంకెవరైనా చదివారా?"

"మాస్టారు చదివారు కదండీ, మీ ముందే" అన్నారు డైరెక్టరుగారు.

"ఆయన అప్పుడూ ఉన్నారండీ."

మాస్టారు తల దించుకున్నారు.

బడి ఆవిడ తలుపు వైపు చూసింది. "మా ఇంటికొచ్చి కొలిచిన ఆవిడని చదవమనండి. చదివి, తనూ సంతకం పెట్టమనండి. అప్పుడు తీసుకుంటాను."

"ఆవిడకి ఆ అధికారం లేదండీ. పైగా అసలు ఇదంతా జరిగింది ఆవిడ వల్లే."

"తెలుసు. ఆవిడే ఒప్పుకుందని మాస్టారు చెప్పారుగా. అధికారం ఉన్నవాళ్ల సంతకం ఇరవై రోజులు గోడకి అంటించుకున్నానండీ."

పై ఆఫీసు వాళ్లలో పెద్దాయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు లేచి తన కుర్చీ ఖాళీ చేశారు.

ప్రింటరమ్మ వచ్చి ఆ కుర్చీ అంచున కూర్చుంది. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో వరసా పైకి చదివింది. ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య ఆగి, ఆ ఖాళీలో ఏమీ లేదని చూసి, అప్పుడు తర్వాతిది చదివింది. నిమిషంలో అయిపోయే పనికి పది నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఇన్నేళ్లలో ఆ ఆఫీసునుంచి బయటికి వెళ్లే కాగితం మీద ఆవిడ ఎప్పుడూ సంతకం పెట్టలేదు. ఎలా పెట్టాలో తెలియక మాస్టారి సంతకం పక్కన తన పేరు మొత్తం పొడుగ్గా, వంకరటింకరగా రాసింది. రాస్తుంటే కళ్లు మసకబారాయి. కాగితం తడవకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

బడి ఆవిడ దాన్ని తీసుకుని ఆ రెండు పేర్లూ చదువుకుంది. పిల్లలకు పాలు కలిపే టైమైందని చెప్పి వెళ్లిపోయింది.